సెకండ్‌హ్యాండ్ దుస్తులను గర్భిణికి సరిపడేలా మార్చి కుట్టడం: ఏది కత్తిరించాలి, ఏది వదిలేయాలి?

దారపుఉండ అడిగిన ప్రశ్న

నాకు అయిదో నెల నడుస్తోంది. పాత ప్యాంట్లకు గుండీ పెట్టుకోవడం ఇక కుదరడం లేదు, చొక్కాలు ముందువైపు పైకి లేచిపోతున్నాయి. గర్భిణుల కోసమే కుట్టి అమ్మే దుస్తులు చూశాను గాని, కొద్ది నెలలు మాత్రమే తొడుక్కునే బట్టలకు అంత ఖర్చు పెట్టడానికి మనసు ఒప్పడం లేదు. ఆ డబ్బు పుట్టబోయే బిడ్డ అవసరాలకు ఉంచుకోవాలని ఉంది. అందుచేత ఇతరులు వాడి అమ్మేసిన దుస్తులలో గుడ్డ ఇంకా గట్టిగా ఉన్నవాటిని ఏరి తెచ్చుకుని, ఇంట్లో ఉన్న మిషన్ మీదనే మార్చి కుట్టుకోవాలని నిశ్చయించుకున్నాను.

ఇప్పటికి నా దగ్గర చేరినవి రెండు జీన్స్, మగవారి పొడుగు చేతుల కాటన్ చొక్కాలు కొన్ని, నడుము దగ్గర అతుకు ఉన్న ఒక ఫ్రాకు, సాగే టీషర్టులు. జీన్స్‌లో ఒకటి నా మామూలు సైజుది, రెండోది అంతకన్నా బాగా పెద్దది. నా మిషన్ మామూలు కుట్టు, జిగ్‌జాగ్ కుట్టు రెండూ వేస్తుంది గాని ఓవర్‌లాక్ (గుడ్డ అంచు పోగులు ఊడకుండా చుట్టివేసే కుట్టు) వేయదు. అంచులు మడిచి కుట్టడం, జిప్పు వేయడం నాకు వచ్చు. సాగే గుడ్డతో మాత్రం ఇంతవరకు పని చేయలేదు.

ఇటువంటి పనికి బట్టలు ఏరుకునేటప్పుడు పెద్ద సైజు కొనడమే మంచిదా? జీన్స్ ముందు భాగాన్ని ఎంతవరకు కత్తిరించాలి, దాని స్థానంలో ఎటువంటి గుడ్డ వేయాలి? చొక్కాలు పైకి లేవకుండా ఏం చేయాలి? కాన్పు తరువాత, బిడ్డకు పాలిచ్చే రోజుల్లో కూడా ఇవే పనికి వచ్చేలా ముందుగానే ఏర్పాటు చేసుకోవచ్చా? అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

కత్తెరపని ఇచ్చిన జవాబు

దారపుఉండ గారూ, మీరు అడిగినవాటిలో సైజు సంగతే ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే మిగిలిన పనంతా దాని మీదే ఆధారపడుతుంది. పెద్ద సైజు కొనడం మంచిది కాదని నా నిశ్చితాభిప్రాయం. గర్భిణి శరీరం అన్ని వైపులా సమానంగా పెరగదు. పొట్ట ముందుకు వస్తుంది, ఛాతీ పెరుగుతుంది, తుంటి కొంత వెడల్పవుతుంది. భుజాల వెడల్పు, చేతుల పొడవు, మోకాలి నుంచి పాదం వరకు ఉన్న కొలత ఉన్నట్టే ఉంటాయి. చాలా పెద్ద చొక్కా తొడుక్కుంటే భుజం కుట్టు చేతి మీదికి జారుతుంది, చంక కిందికి వేలాడుతుంది, అయినా పొట్ట దగ్గర మాత్రం బిగుతుగానే ఉంటుంది. కాబట్టి పై దుస్తులను భుజానికి సరిపోయేలా, ప్యాంట్లను తుంటికీ తొడకూ సరిపోయేలా ఏరుకుని, పెరిగే చోట మాత్రమే గుడ్డ చేర్చాలి. తుంటి దగ్గర ఇప్పటికే బిగుతుగా ఉంటే ఒక సైజు పెద్దది తీసుకోవచ్చు, అంతకు మించి వద్దు. మీ రెండు జీన్స్‌లో ముందుగా మీ మామూలు సైజుదే మార్చండి.

ఇక జీన్స్ పని. ప్యాంటు తొడుక్కుని కుర్చీలో కూర్చోండి, ఎందుకంటే నిలబడినప్పుడు సరిపోయిన గీత కూర్చున్నప్పుడు పొట్టను కోస్తుంది. పొట్ట అడుగు అంచు ఎక్కడ ఉందో సుద్దతో గుర్తు పెట్టుకోండి. రెండు పక్కల కుట్ల పైకొసల నుంచి మొదలై మధ్యలో ఎనిమిది నుంచి పది సెంటీమీటర్లు కిందికి దిగే వంపు గీత గీయండి. వెనుక భాగాన్ని, వెనుక నడుము పట్టీని ఏమాత్రం కదపవద్దు; ప్యాంటు జారకుండా పట్టుకునేది అదే. కత్తెర పెట్టక ముందే ముందు జిప్పును మూసి, దాని మీద నిలువునా రెండు మూడు వరుసలు గట్టిగా కుట్టండి. జేబుల నోళ్లను కూడా కుట్టి మూయండి, లేకపోతే వంపు కోసిన తరువాత జేబు గుడ్డ లోపల వేలాడుతుంది. లోహపు జిప్పు అయితే కుట్టు వెళ్లే చోట ఉన్న పళ్లను పట్టుకారుతో తీసేయాలి, సూది వాటికి తగిలితే విరిగి ముక్క ఎగురుతుంది.

వేయవలసిన గుడ్డ విషయంలో తొందరపడవద్దు. పాత కాటన్ టీషర్టు గుడ్డ మెత్తగా ఉంటుంది, సాగుతుంది కూడా, కాని సాగిన తరువాత వెనక్కి రాదు, సాయంత్రానికి ప్యాంటు జారడం మొదలవుతుంది. స్పాండెక్స్, అంటే బాగా సాగి మళ్లీ వెనక్కి వచ్చే కృత్రిమ పోగు, కలిసిన హోజరీ గుడ్డ కావాలి. పది సెంటీమీటర్ల మేర గుర్తు పెట్టి లాగితే పదిహేను వరకు సులువుగా సాగాలి, వదిలితే మళ్లీ పదికే రావాలి. సెకండ్‌హ్యాండ్‌లోనే దొరికే లెగ్గింగులు దీనికి చక్కగా పనికి వస్తాయి. రెండు కాళ్లూ విప్పి పరిస్తే ఒక ప్యాంటుకు సరిపడా గుడ్డ వస్తుంది. ఎక్కువగా సాగే దిశ ఒంటి చుట్టూ వచ్చేలా పెట్టడం మరవవద్దు.

కొలత లెక్క ఇలా ఉంటుంది. ప్యాంటు నిలిచే చోట మీ చుట్టుకొలత ఇప్పుడు 90 సెంటీమీటర్లు, జీన్స్ వెనుక భాగం 42 సెంటీమీటర్లు అనుకుందాం. ముందుకు కావలసింది 48. సాగే గుడ్డను దానికన్నా పది శాతం తక్కువగా, అంటే సుమారు 43 సెంటీమీటర్లు తీసుకోవాలి, అప్పుడే అది ఒంటిని పట్టుకుంటుంది. ఆ గుడ్డ సగానికి సగం సాగేదైతే దాదాపు 64 వరకు వస్తుంది, మొత్తం 106 సెంటీమీటర్ల వరకు అదే ప్యాంటు సరిపోతుంది. కుట్టు కోసం చుట్టూ ఒక సెంటీమీటరు అదనంగా వదలండి.

కుట్టేటప్పుడు ముక్క మధ్యభాగాన్ని జీన్స్ మధ్యకు, కొసలను పక్క కుట్లకు పిన్నులతో పట్టించి, సాగే గుడ్డను పైన ఉంచి, దానిని మాత్రమే కొద్దిగా లాగుతూ జిగ్‌జాగ్ కుట్టు వేయండి. సాగే గుడ్డల కోసం అమ్మే మొన గుండ్రంగా ఉండే సూది, 90 నంబరుది, వాడండి. మామూలు సూది హోజరీ పోగులను తెంపుతుంది, తరువాత ఉతుకుల్లో ఆ చిల్లులు పెద్దవవుతాయి. దారం పాలిస్టరుది కావాలి, నూలు దారం సాగినప్పుడు తెగిపోతుంది. పక్క కుట్ల దగ్గర జీన్స్ చాలా మందంగా ఉంటుంది కాబట్టి అక్కడ సుత్తితో మెల్లగా కొట్టి పలచబరిచి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ దాటించండి. ఓవర్‌లాక్ లేదని బెంగ పడనక్కరలేదు. హోజరీ గుడ్డ పోగులు ఊడదు, జీన్స్ అంచుకు ఒక వరుస జిగ్‌జాగ్ వేస్తే చాలు.

వార్డునర్సు ఇచ్చిన జవాబు

అమ్మా, కుట్టు గురించి పైవారు చెప్పినదానికి నేను కలపగలిగింది తక్కువ. ప్రసూతి వార్డులో చాలా కాలం పని చేసినదానిగా శరీరం సంగతి కొంత చెబుతాను, ఎందుకంటే ఈ రోజు కొలతకు కుట్టిన బట్ట రెండు నెలల్లో పనికిరాకుండా పోవడం తరచూ చూశాను.

సుమారు 12 వారాలకు గర్భాశయం కటి ఎముకల పైకి వస్తుంది, 20 వారాలకు దాని పై అంచు బొడ్డు దగ్గరకు చేరుతుంది. అక్కడి నుంచి దాని ఎత్తు సెంటీమీటర్లలో దాదాపు వారాల సంఖ్యకు సమానంగా పెరుగుతూ, 36 వారాలకు రొమ్ము ఎముక కింది కొసను సమీపిస్తుంది. అంటే అయిదో నెలలో మీరు చూస్తున్నది సగం దూరమే. ఇక ముందు పొట్ట వెడల్పుతో పాటు ఎత్తు కూడా పెరుగుతుంది కాబట్టి చొక్కా పొడవు ఇప్పుడు సరిపోయిందని అక్కడితో ఆపవద్దు. పక్కటెముకలు కూడా విచ్చుకుంటాయి. రొమ్ముల పెరుగుదలను పక్కన పెట్టినా ఛాతీ చుట్టుకొలత అయిదు నుంచి ఏడు సెంటీమీటర్లు పెరుగుతుంది. రొమ్ముల కింద గట్టి అతుకు ఉన్న ఫ్రాకులు చివరి నెలల్లో ఊపిరి ఆడనివ్వడం లేదనిపించడానికి కారణం ఇదే. ఆ అతుకులో ఎలాస్టిక్ ఉండి తీరాలి.

నడుము పట్టీ బిగుతుగా ఉంటే గుండెల్లో మంట ఎక్కువవుతుంది. పట్టీ కింద రెండు వేళ్లు ఇబ్బంది లేకుండా దూరాలి, విప్పిన తరువాత ఎర్రని గీత చాలాసేపు నిలిచి ఉంటే వదులు చేయాలి. చీలమండల దగ్గర బిగించే అంచులు వద్దు, సాయంత్రానికి కాళ్లు వాచడం మామూలే. అయితే ముఖం, చేతులు ఉన్నట్టుండి వాచినా, దానితో తలనొప్పి వచ్చినా, కళ్లు మసకబారినా అది బట్టలతో తీరే సంగతి కాదు, వెంటనే వైద్యుల దగ్గరకు వెళ్లాలి. మరొక మాట: చివరి నెలల్లో మీ పాదాలు మీకు కనిపించవు. నేలను తాకే అంచు ఉన్న లంగా గాని గౌను గాని తీసుకుంటే దానిని చీలమండ పైకి మడిచి కుట్టుకోండి, మెట్లు దిగేటప్పుడు కాలు చిక్కుకునే ప్రమాదం తప్పుతుంది.

సెకండ్‌హ్యాండ్ బట్టలను కత్తిరించక ముందే ఉతకాలి. కాటన్ దుస్తులను 60 డిగ్రీల వేడి నీటిలో ఉతికితే ధూళి పురుగులు చస్తాయి, ముడుచుకోవలసిన గుడ్డ కూడా అప్పుడే ముడుచుకుంటుంది. స్పాండెక్స్ ఉన్నవి అంత వేడికి తట్టుకోవు, వాటిని గోరువెచ్చని నీటిలో సబ్బుతో ఒకటికి రెండు సార్లు ఉతకండి. నాఫ్తలీన్ గుళికల (కలరా ఉండల) వాసన కొట్టే బట్టలను మాత్రం ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. జి6పిడి అనే ఎంజైము లోపంతో పుట్టిన బిడ్డలకు నాఫ్తలీన్ పట్టిన బట్టల వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోయి తీవ్రమైన కామెర్లు రావచ్చు. ఆ లోపం ఉన్నదీ లేనిదీ బిడ్డ పుట్టక ముందు చాలామందికి తెలియదు. పసిబిడ్డను గుండెలకు హత్తుకునే రోజుల్లో ఆ బట్టలే మీ ఒంటి మీద ఉంటాయి.

దారపుఉండ

ఇద్దరికీ కృతజ్ఞతలు. కత్తెరపని గారు చెప్పినది పొట్ట కింద ఆగే పద్ధతి అని అర్థమైంది. పొట్టను పూర్తిగా కప్పే గొట్టం లాంటి పట్టీ కూడా కొన్ని ప్యాంట్లకు చూశాను. రోజంతా కూర్చుని పని చేసేదానిని కాబట్టి రెండింటిలో ఏది మేలో చెప్పగలరా? చొక్కాల గురించి, ఫ్రాకు గురించి కూడా ఎవరైనా చెబుతారని ఎదురుచూస్తున్నాను.

పాతచొక్కా ఇచ్చిన జవాబు

చొక్కాలు నా ఇష్టమైన పని కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. మగవారి కాటన్ చొక్కా ఈ మార్పుకు ఎంతో అనుకూలం. గుడ్డ గట్టిది, పొడవు ఎక్కువ, ముందంతా గుండీలు ఉంటాయి కాబట్టి పాలిచ్చే రోజుల్లో వేరే ఏర్పాటు అక్కరలేదు. పక్క కుట్లను ఛాతీ కింద నుంచి అంచు వరకు విప్పి, ఒక్కొక్క పక్కన ఒక త్రికోణపు ముక్క చేర్చండి. దాని అడుగు పది నుంచి పన్నెండు సెంటీమీటర్లు ఉంటే అంచు దగ్గర మొత్తం ఇరవై నుంచి ఇరవై నాలుగు సెంటీమీటర్ల వెడల్పు పెరుగుతుంది, భుజం మాత్రం మారదు. ఆ ముక్కలకు గుడ్డ వెతకనక్కరలేదు. పొడుగు చేతులను మోచేతి దగ్గర కత్తిరిస్తే మిగిలిన భాగంలోనే రెండూ వస్తాయి, రంగు కూడా కలుస్తుంది. త్రికోణం కొస దగ్గర ముడత పడటం ఈ పనిలో అందరికీ ఎదురయ్యే చిక్కు. దానికి ఉపాయం ఏమంటే ఒక్కొక్క వైపునూ అడుగు నుంచి కొస దాకా విడిగా కుట్టి, కొసకు చేరగానే దారం ముడివేసి ఆపాలి; రెండు వైపులనూ ఒకే వరుసలో తిప్పి కుట్టకూడదు.

చొక్కా ముందు పైకి లేవడానికి కారణం పొట్ట మీదుగా వెళ్లే దారి ఎక్కువ పొడవు ఉండటం. కాబట్టి అంచును సమంగా కత్తిరించకుండా ముందు భాగాన్ని వెనుకకన్నా ఏడెనిమిది సెంటీమీటర్లు పొడవుగా ఉంచాలి. తొడుక్కున్నప్పుడు అంచు నేలకు సమంగా కనిపిస్తుంది. గుండీల మధ్య చొక్కా నోరు తెరుస్తుంటే గుండీలను జరపవద్దు, వాటి మధ్య లోపలివైపు టిచ్ బటన్లు కుట్టండి.

టీషర్టుకు ఇదే సూత్రం మరొక విధంగా పనిచేస్తుంది. పొడవైన టీషర్టు తీసుకుని పక్క కుట్లు విప్పి, వెనుక భాగం అంచును మాత్రమే పది సెంటీమీటర్లు తగ్గించండి. ముందు భాగంలో ఛాతీ కింద నుంచి తుంటి దాకా ఉన్న 30 సెంటీమీటర్ల మేరను కుచ్చులుగా దగ్గరకు లాగి వెనుక భాగపు 20 సెంటీమీటర్లకు కలిపి కుట్టండి. పొట్ట కోసం ముందువైపు ఒక సంచిలాగా చోటు ఏర్పడుతుంది. పొట్ట పెరిగేకొద్దీ కుచ్చులు వాటంతట అవే విచ్చుకుంటాయి. వెనుక భాగం ఒంటికి సరిగ్గా అతుక్కుని ఉంటుంది కాబట్టి మనిషి బట్టల్లో మునిగిపోయినట్టు కనిపించదు.

ఫ్రాకు నడుము అతుకును పూర్తిగా విప్పి, పై భాగాన్ని రొమ్ముల కింద రెండు సెంటీమీటర్ల వరకు ఉంచి, మిగిలినది కత్తిరించండి. కింది భాగాన్ని కుచ్చులతో దానికి కలిపేటప్పుడు కుచ్చులను చుట్టూ సమంగా పంచవద్దు, మూడింట రెండు వంతులు ముందుకు రావాలి. వార్డునర్సు గారు చెప్పినట్టు అతుకు వెనుక సగంలో ఎలాస్టిక్ వేయండి. అతుకు పైకి వెళ్లినంత మేర ఫ్రాకు పొడవు తగ్గుతుంది, పొట్ట ఇంకొంత పైకి లాగుతుంది. అందుచేత ఇప్పుడు మోకాలి దాకా ఉన్న ఫ్రాకును దీనికి తీసుకోవద్దు, పిక్క మధ్య వరకు ఉన్నదైతే సరిపోతుంది. పాలిచ్చేందుకు వీలుగా ఉండాలంటే, భుజం నుంచి రొమ్ము మీదుగా దిగే నిలువు కుట్లు ఆ ఫ్రాకుకు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ కుట్టులోనే ఇరవై సెంటీమీటర్ల కనిపించని జిప్పు పెట్టి, లోపల బిడ్డ బుగ్గకు తగలకుండా మెత్తని గుడ్డ పట్టీ వేయండి. అతుకులు ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి ఇప్పుడే చేయడం సులువు.

విప్పిన కుట్ల లోపలి గుడ్డను ఎక్కడా కత్తిరించకుండా మడిచి ఉంచుకుంటే, త్రికోణాలను తీసేసి పాత గీత మీదనే మళ్లీ కుట్టుకోవచ్చు. జీన్స్‌కు ఆ వీలు లేదు. మంచి జీన్స్‌ను ఈ పనికి బలి చేయవద్దు.

వార్డునర్సు

పట్టీ ఎక్కడ ఆగాలన్నది మీరు అడిగారు. కూర్చునే పనికి పొట్ట కింద ఆగే పట్టీ మడత పడి ఒత్తుతుందని కొందరు, పొట్టను కప్పేది ఉక్కగా ఉంటుందని కొందరు చెబుతారు. మీ ఒంటికి ఏది హాయిగా ఉంటుందో తొడిగి చూసి తేల్చుకోవలసిందే. నేను గమనించిన తేడా కాన్పు తరువాత కనిపిస్తుంది. సిజేరియన్ జరిగితే కోత పొత్తికడుపు అడుగున అడ్డంగా ఉంటుంది, తక్కువలో ఆగే పట్టీ అతుకు సరిగ్గా ఆ గాయం మీదికి వస్తుంది. పొట్టను కప్పే మెత్తని పట్టీ అయితే దాని మీద ఒరిపిడి తక్కువ. గర్భాశయం మునుపటి పరిమాణానికి రావడానికి దాదాపు ఆరు వారాలు పడుతుంది, పొట్ట తగ్గడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు, అప్పటివరకు ఈ ప్యాంట్లే తొడుక్కుంటారు. అందుచేత రెండు ప్యాంట్లు మారుస్తుంటే ఒకటి ఒక విధంగా, మరొకటి మరొక విధంగా కుట్టుకోమని నా సలహా.

కిటికీలంగా ఇచ్చిన జవాబు

కత్తెరపని గారు చెప్పిన పద్ధతి సరైనదే గాని, సాగే గుడ్డ ఇంతవరకు కుట్టనివారు జీన్స్‌తో మొదలుపెట్టడం నాకు సమ్మతం కాదు. సెకండ్‌హ్యాండ్‌లో దొరికే పలచని ప్యాంటు గాని లంగా గాని ముందు మార్చండి. లంగా ముందు భాగాన్ని కత్తిరించి వేరే గుడ్డ చేర్చడం కొత్త ఆలోచన కాదు. 1938లో అమెరికాలోని డాలస్‌లో ఎల్సీ ఫ్రాంక్‌ఫర్ట్ అనే యువతి, గర్భవతి అయిన తన అక్క ఎడ్నా కోసం లంగా ముందువైపు కిటికీలా కత్తిరించి, నడుము దగ్గర కట్టుకునే నాడాలు పెట్టి, పైన వదులు చొక్కా వేసి ఒక జత రూపొందించింది. లంగా వెనుక, పక్కల ఒంటికి సరిపోయేలా ఉండి ముందు మాత్రమే చోటు ఇచ్చేది. ఆ అక్కచెల్లెళ్లు దానితోనే పేజ్ బాయ్ అనే గర్భిణుల దుస్తుల సంస్థను స్థాపించారు. అప్పటికి స్పాండెక్స్ లేదు, 1958లో గాని దానిని కనిపెట్టలేదు. సాగే గుడ్డ లేకుండానే నాడాలతో అంత చక్కగా కుదిరినప్పుడు, మీరు కూడా మొదటి లంగాకు ఎలాస్టిక్ బదులు నేఫా కుట్టి నాడా ఎక్కించి చూడవచ్చు. వారం వారం కావలసినంత వదులు చేసుకోవచ్చు.

సెకండ్‌హ్యాండ్ బట్టల్లోని ఎలాస్టిక్‌ను మాత్రం నమ్మవద్దు. వేడి, క్లోరిన్ బ్లీచ్ స్పాండెక్స్‌ను చెడగొడతాయి, రబ్బరు పాతబడితే పెళుసవుతుంది. నడుము పట్టీని చెవి దగ్గర పెట్టుకుని లాగితే చిటపటమన్నా, వదిలిన తరువాత అలలుగా నిలిచిపోయినా, వెలుతురుకు పట్టి చూసినప్పుడు తెగిన సన్నని తెల్లని పోగులు పైకి పొడుచుకొచ్చినా ఆ పట్టీ పని అయిపోయినట్టే. గుడ్డ బాగుంటే తీసుకుని, ఎలాస్టిక్ కొత్తది వేయండి. రబ్బరు పడని ఒళ్లు అయితే రబ్బరు లేని ఎలాస్టిక్‌నే అడిగి తీసుకోండి. కాజాలు ఉన్న ఎలాస్టిక్ దొరికితే ఇంకా మేలు, లోపల ఒక గుండీ కుట్టి ఏ కాజాకు కావాలంటే ఆ కాజాకు మార్చుకోవచ్చు. ప్యాంట్ల తొడల లోపలి భాగాన్ని కూడా వెలుతురుకు పట్టి చూడండి, అరుగుదల ముందుగా అక్కడే బయటపడుతుంది.

కత్తెరపని

కిటికీలంగా గారి మాటతో ఏకీభవిస్తున్నాను, లంగాతోనే మొదలుపెట్టండి. పొట్టను కప్పే గొట్టం పట్టీకి కొలత కూడా చెప్పేస్తాను. ప్యాంటు నడుము పట్టీని చుట్టూ తీసేయాలి. బొడ్డు దగ్గరి చుట్టుకొలతలో పదో వంతు తగ్గించి వెడల్పు తీసుకోవాలి. ఎత్తు 45 సెంటీమీటర్లు తీసుకుని సగానికి మడిస్తే రెండు పొరలుగా ఇరవై రెండు వస్తుంది. కూర్చున్నప్పుడు పై అంచు చుట్టుకుపోకుండా ఈ రెండు పొరలే కాపాడతాయి. పై అంచులో ఎలాస్టిక్ వేయవద్దు. ఏ ప్యాంటుకైనా చివరి కుట్టు వేయక ముందు కచ్చా కుట్టుతో పట్టీ నిలిపి, ఒక పూట తొడుక్కుని మీరు పని చేసుకునే కుర్చీలోనే కూర్చుని చూడండి. బిగుతుగా అనిపిస్తే గొట్టం పక్క అతుకును విప్పి రెండు సెంటీమీటర్ల పట్టీ చేర్చండి, జారితే అదే అతుకులో అంత మేర లోపలికి తీసుకోండి.